కొలతల పుస్తకంలో వెనక పేజీలు

జనవరి 29, బుధవారం

ఈ పుస్తకానికి ముందువైపు జనం కొలతలు. వెనకవైపు ఇకనుంచి నా గోడు. నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది కాబట్టి షాపులో నాతో పనిచేసే వదిన చూసినా ఎవరిదో చొక్కా కొలత అనుకుంటుంది. మా ఆయన ఎలాగూ చదవడు. స్కూలు బస్సు నడిపే మనిషి, రోడ్డు పక్క బోర్డులు తప్ప ఏదీ చదివే అలవాటు లేదు ఆయనకి.

పెద్ద డాక్టరమ్మ ఈరోజు చెప్పేసింది. గర్భసంచి ముఖద్వారం దగ్గర గడ్డ. క్యాన్సరే.

కాసేపు నా చెవులు పనిచెయ్యలేదు. తేరుకున్నాక, "ఆపరేషన్ చేసి తీసి పారెయ్యండమ్మా. దానితో ఇక నాకేం పని?" అన్నాను.

డాక్టరమ్మ నవ్వలేదు. కాగితం తీసి బొమ్మ గీసింది. గీత బాగుంది. "చిన్నగా ఉన్నప్పుడు వచ్చి ఉంటే అదే చేసేవాళ్ళం. ఇప్పుడు పక్కలకి పాకింది. కత్తితో తీస్తే అంచుల్లో మిగిలిపోతుంది. మిగిలినదానికి మళ్ళీ రేడియేషన్ పెట్టాలి. రెండు కష్టాలూ మీకెందుకు? మొదటినుంచీ దానితోనే వెళ్దాం," అంది.

ఐదు వారాలు, శని ఆదివారాలు తప్ప రోజూ, బయటినుంచి కరెంటు. రేడియేషన్ అంటే నోరు తిరగక వరండాలో అందరూ కరెంటే అంటున్నారు, నేనూ అదే అంటాను. దానితోపాటు వారానికోసారి సెలైన్‌లో మందు. అవన్నీ అయ్యాక నాలుగుసార్లు లోపలినుంచి కరెంటు.

లోపలినుంచి అంటే ఎలాగో చెప్పింది. కింది నుంచి గొట్టాలు పెట్టి, గడ్డ పక్కకే చేర్చి. నేను బొమ్మ వైపు చూడటం మానేసి ఆమె కోటు గుండీలు చూశాను. మూడోది ఊడటానికి సిద్ధంగా ఉంది.

మొదలుపెట్టిన రోజునుంచి యాభై ఆరు రోజుల్లో మొత్తం పూర్తవ్వాలట. సాగదీస్తే గడ్డ మళ్ళీ పుంజుకుంటుందట.

"రక్తం ఎన్నాళ్ళనుంచి కనపడుతోంది?" అని అడిగింది. ఒక్కసారి కనపడిందని చెప్పాను. ఒక్కసారే.

జనవరి 31

స్కాన్ తీసి పొట్ట మీదా, రెండు పక్కలా రంగు పెన్నుతో గీతలు గీశారు. ఆ గీతల్ని బట్టే యంత్రం గురి చూస్తుందట. "చెరిగిపోతే మాకు చెప్పండమ్మా, మీరు మాత్రం ముట్టుకోకండి," అంది యంత్రం దగ్గర పనిచేసే అమ్మాయి. ముప్ఫై ఏళ్ళుగా గుడ్డల మీద గీతలు గీస్తున్నదాన్ని, నాకు చెప్తోంది.

ఇంటికొచ్చి అద్దంలో చూసుకున్నాను. ఎడమవైపు గీత కుడిదాని కంటే అరంగుళం కిందకి ఉంది. మా షాపులో అలా గీస్తే వదిన చేత కూడా తిట్టు తింటాను.

ఫిబ్రవరి 3, సోమవారం

మొదటి రోజు.

గంట ముందు మూడు గ్లాసుల నీళ్ళు తాగి ఆపుకోవాలి. మూత్రసంచి నిండుగా ఉంటే పేగులు పైకి జరిగి కరెంటు తగలకుండా ఉంటాయట. ఆ అమ్మాయి తలుపు తీసి పిలిచే మొదటి మాట పేరు కాదు, "నీళ్ళు తాగారా?" నేను దానికి నీళ్ళపిల్ల అని పేరు పెట్టేశాను.

మా ఆయన పిల్లల్ని దింపాక బస్సు తెచ్చి నన్ను తీసుకొచ్చాడు. రోడ్డు మీద గుంట వచ్చినప్పుడల్లా అద్దంలోంచి నా మొహం చూసి, బండి నడిచిందా ఆగిందా అన్నంత మెల్లగా దాటించాడు. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయన నాకోసం ఇంత మెల్లగా నడపడం ఇదే.

కరెంటు ఏమీ తెలియలేదు. యంత్రం చుట్టూ తిరిగింది, అయిపోయింది. దీనికా ఇంత భయపడ్డాను!

ఒక్కటే నచ్చలేదు. నీళ్ళపిల్ల చెప్పాపెట్టకుండా నా నడుము పట్టుకుని పక్కకి జరిపింది. మా షాపులో ఆ పప్పులు ఉడకవు. టేపు ఒంటికి తగిలే ముందే "ఇప్పుడు భుజం, ఇప్పుడు నడుము," అని చెప్తాను. షాపు పెట్టిన రోజునుంచీ అంతే. స్టేషన్‌లో రైళ్ళ రాకపోకలు చెప్పినట్టుందని వదిన వెక్కిరిస్తుంది. వెక్కిరించనీ.

ఫిబ్రవరి 6

నాలుగు అయ్యాయి. గడియారం పెట్టుకుని ఆపుకోవడం నేర్చుకున్నాను. ఈ వయసులో ఈ చదువు.

ఫిబ్రవరి 10, సోమవారం

రెండో సెలైన్. కడుపులో దేవినట్టుంది, ఏం చూసినా వాంతి వచ్చేట్టుంది.

వదిన ఎవరి దగ్గరో ఒక పొడి సంగతి విని వచ్చింది. మా ఆయన అక్క ఆవిడ, షాపులో కాజాలూ గుండీలూ ఆవిడవే, ఊరి సంగతులూ ఆవిడవే. "కరెంటు లేకుండా నలభై రోజుల్లో కరిగిపోతుందటే. ఒకావిడకి కరిగిందట."

"ఆవిడని చూశావా?"

"చూసినావిడని చూశాను."

"సరే, ఆవిడ చేతే తాగించు," అన్నాను. వదిన మూతి ముడుచుకుని దారం కొరికింది. పాపం, తను మాత్రం ఏం చేస్తుంది. గుండీ కుట్టడం తప్ప నాకోసం చెయ్యగలిగింది ఇంకేదైనా ఉందేమో అని వెతుక్కుంటోంది.

ఫిబ్రవరి 14

వరండాలో అప్పుడప్పుడు నా పక్కన కూర్చునే టీచర్ గారు ఈరోజు నోరు విప్పారు. లెక్కలు చెప్పేవారట. మనిషి కర్రలా చిక్కిపోయారు, జాకెట్టు భుజాల మీదనుంచి జారిపోతోంది. నాకు చేతులు దురద పెట్టాయి, సంచిలోంచి సూది తీసి అక్కడే బిగించేద్దామనిపించింది.

ఆవిడదీ నా జబ్బే. రెండేళ్ళ క్రితం వేరే ఆసుపత్రిలో బయటి కరెంటు పూర్తిగా పెట్టించుకున్నారు. గడ్డ తగ్గింది, రక్తం ఆగింది. లోపలి కరెంటుకి మాత్రం వెళ్ళలేదు. ఏడాదికి అది తిరిగొచ్చింది. అదే చోట మళ్ళీ కరెంటు పెట్టడానికి ఒళ్ళు ఒప్పుకోదట. ఇప్పుడు ఉత్త సెలైన్ మందే.

"ఎందుకు వెళ్ళలేదండీ?" అన్నాను.

"తీరిక లేదని చెప్పాను అందరికీ. పరీక్షల రోజులు, పేపర్లు దిద్దాలి అని. పేపర్లు దిద్దడం మూడు రోజుల్లో అయిపోయింది." ఆవిడ నవ్వారు. "మీరేం పని చేస్తారు?"

చెప్పాను.

"అయితే మీకూ తీరిక ఉండదు," అన్నారు.

ఫిబ్రవరి 18

డాక్టరమ్మని అడిగాను. వాయిదా వెయ్యమని కాదు, వేరే దారి ఏదైనా ఉందా అని మాత్రమే. బయటి కరెంటు నాకు పడుతోంది కదా, అదే ఇంకో పదిరోజులు పెంచితే పోలా?

"పోదమ్మా. గడ్డకి ముందు మూత్రసంచి, వెనక పేగు. బయటినుంచి అంత మోతాదు పెడితే అవి కాలిపోతాయి. లోపలినుంచి అయితే గడ్డకి ఎక్కువ, పక్కవాటికి తక్కువ. బయటినుంచే సన్నటి కిరణాలతో గురిచూసి కొట్టే పద్ధతి ఒకటి ఉంది. లోపలిది ఏ రకంగానూ కుదరని వాళ్ళకి పెడతాం. దీని అంత పని చేస్తుందని మాత్రం మీకు మాటివ్వలేను. మీకు లోపలిది కుదురుతుంది."

"నాకు కుదరదు," అన్నాను.

"ఎందుకు?"

షాపులో పని ఎక్కువగా ఉందని చెప్పాను.

ఫిబ్రవరి 22, శనివారం

పదిహేను పూర్తయ్యాయి. ఒళ్ళు నొప్పులుగా ఉంటే వేణ్ణీళ్ళు పోసుకున్నాను. అంతా బాగానే ఉంది.

ఫిబ్రవరి 23

గీతలు చక్కగా ఉన్నాయి. ముందుకంటే చక్కగా ఉన్నాయి.

ఫిబ్రవరి 24, సోమవారం

దొరికిపోయాను.

బల్ల మీద పడుకోబెట్టి ముందుగా ఫోటో తీస్తారు. నీళ్ళపిల్ల తెర వైపు చూసింది, నా పొట్ట వైపు చూసింది, మళ్ళీ తెర చూసింది. పెద్దవాళ్ళని పిలిచింది. నా మీదకి ముగ్గురు వంగి చూశారు. నేను పైకప్పులో దీపాలు లెక్కపెట్టాను.

వేణ్ణీళ్ళకి గీతలు చెరిగిపోయాయి. భయమేసింది. అద్దం ముందు నిలబడి, షాపులో గుడ్డల మీద వాడే పెన్నుతో నేనే గీసుకున్నాను. ఎలాగూ గీస్తున్నాను కదా అని ఎడమవైపు వంకర కూడా సరిచేశాను. టేపు పెట్టి కొలిచి మరీ సరిచేశాను. ఎంత బుద్ధి తక్కువ పని చేశానో ఈ చేతులకే తెలియాలి.

ఇక తిట్లు మొదలవుతాయని కళ్ళు గట్టిగా మూసుకున్నాను. తొడలు బిగుసుకుపోయాయి.

నీళ్ళపిల్ల ముక్కు దగ్గర గుడ్డ పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది. "అమ్మా, నా గీత కంటే మీ గీతే నీటుగా ఉంది. చోటే తప్పు. మీరు నిలబడి గీసుకున్నారు కదూ? మేం పడుకోబెట్టి గీస్తాం. పడుకున్నప్పుడు సరిగ్గా ఉన్నది లేచి నిలబడితే చర్మం జారి వంకరగా కనపడుతుంది."

ముప్ఫై ఏళ్ళుగా మనుషుల్ని నిలబెట్టే కొలుస్తున్నాను. పడుకుంటే కొలత మారుతుందని నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

నేను చిక్కాను కూడానట. కాబట్టి మళ్ళీ స్కాన్, మళ్ళీ లెక్క. ఈరోజు, రేపు కరెంటు లేదు. యాభై ఆరులో రెండు రోజులు నా చేతులారా పోగొట్టుకున్నాను.

ఒక్కరు కూడా తిట్టలేదు. బస్సు ఎక్కాక ఏడుపొచ్చింది. మా ఆయన ఎవరైనా ఏమైనా అన్నారా అని కంగారుపడ్డాడు. అనలేదు, అందుకే అని చెప్తే ఆయనకి అర్థం కాలేదు.

ఫిబ్రవరి 26

కొత్త గీతలు. నీళ్ళపిల్ల గీసే ముందు ఆగి, "ఇప్పుడు ఎడమవైపు ముట్టుకుంటానమ్మా," అంది. మొన్న స్కాన్‌కి తీసుకెళ్తూ, మీ షాపులో ఎలా కొలుస్తారని అడిగితే కబుర్లలో చెప్పాను. గుర్తుపెట్టుకుంది పిల్ల.

మార్చి 5

విరేచనాలు. మంట. ఏమీ రాయాలని లేదు.

మార్చి 11, మంగళవారం

బయటి కరెంటు ఇరవై ఐదూ అయిపోయాయి. ముప్ఫై ఏడో రోజు. గడ్డ బాగా తగ్గిందని డాక్టరమ్మ మొహం వెలిగిపోయింది. శుక్రవారం మొదటి లోపలి కరెంటు. ఉదయం ఏమీ తినకుండా రావాలి.

రక్తం పూర్తిగా ఆగిపోయింది. ఆగిపోయిందంటే తగ్గిపోయినట్టే కదా. దేనికైనా ఒక హద్దుండాలి.

మార్చి 13

షాపులో పని చాలా ఉంది. యూనిఫారాలు. తీరిక లేదు.

మార్చి 14, శుక్రవారం

వెళ్ళలేదు.

మార్చి 15, శనివారం

ఆసుపత్రినుంచి నిన్న రెండుసార్లు ఫోన్ వచ్చింది. మా ఆయన తీశాడు. నా వైపు చూసి, "వాళ్ళకేం చెప్పను?" అన్నాడు. యూనిఫారాలని చెప్పమన్నాను. ఆయన ఫోన్ పట్టుకుని వాకిట్లోకి వెళ్ళి చాలాసేపు బస్సు అద్దాలు తుడిచాడు. అవి శుభ్రంగానే ఉన్నాయి.

ఈరోజు షాపులో వదిన గుండీల డబ్బా పక్కకి పెట్టింది. "బడులు తెరవడానికి ఇంకా మూడు నెలలుంది. ఏ పిల్లలకే నువ్వు యూనిఫారాలు కుట్టేది?"

నేను మిషన్ తొక్కుతూనే ఉన్నాను. దారం లేకుండా తొక్కుతున్నానని వదినే చూసింది.

"ఆ బల్లే కదే నీ భయం," అంది.

ఇరవై ఆరేళ్ళలో ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

మార్చి 16, ఆదివారం

రాస్తాను. ఒక్కసారి రాసి ఊరుకుంటాను.

కాన్పు గదిలో బల్ల మీద పడుకోబెట్టి పట్టీలతో నా కాళ్ళు రెండూ పైకి కట్టారు. ఏం చేస్తున్నారో, ఎందుకు చేస్తున్నారో ఒక్కరూ చెప్పలేదు. చేతులు వచ్చేవి, పోయేవి. ఎవరి చేతులో తెలియదు. అరవబోతే ఆయా తొడ మీద కొట్టింది. అరవడం మానేశాను. బిడ్డ పుట్టింది. ఏడవలేదు. గుడ్డలో చుట్టి నా పక్కనుంచే తలుపు దాటించారు. "ఆడా, మగా?" అని అడిగాను. నోరు మూసుకోమన్నారు. మూసుకున్నాను. సాయంత్రం వదిన వచ్చి నా తల నిమురుతూ చెప్పింది, ఆడపిల్ల, ఇక లేదు అని. తనని తలుపు దాటి లోపలికి రానివ్వలేదట. నేను కుట్టి పెట్టుకున్న చిన్న గౌను వదిన చేతిలోనే ఉంది.

అప్పటిదాకా ఇంట్లోనే కుట్టేదాన్ని, ఆ తర్వాత ఆరు నెలలకి షాపు పెట్టాను. చెప్పకుండా ఎవరినీ ముట్టుకోకూడదన్నది నా షాపు పద్ధతి అని జనం అనుకుంటారు. నేనూ అలాగే అనుకుంటూ వచ్చాను.

ఆ రోజు తర్వాత ఏ డాక్టరుకీ నా ఒళ్ళు చూపించలేదు. రక్తం ఒక్కసారి కాదు. ఏడాదిన్నర.

మార్చి 17

మా ఆయనతో, పద, డాక్టరమ్మ దగ్గరికి, అన్నాను. ఆయన వెంటనే లేచాడు. చెప్పులు తొడుక్కున్నాడు. ఎడమది కుడికాలికి తొడుక్కుని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు.

డాక్టరమ్మకి అంతా చెప్పాను. కాన్పు గది గురించి మొదటిసారి నా నోటితో ఒకళ్ళకి చెప్పాను.

"లోపలిది పెట్టించుకుంటాను. ఒకటే షరతు. ఏం చేసినా ముందు చెప్పి చెయ్యండి. చెప్పి ముట్టుకోండి. నేను షాపులో గుడ్డ కొలవడానికే చెప్తాను," అన్నాను.

"నడుముకి మత్తు ఇస్తాం కదమ్మా. కిందంతా మీకు స్పర్శే ఉండదు," అంది.

"లేకపోయినా చెప్పండి."

ఆమె నా కేసు షీటు తీసి పైన పెద్ద అక్షరాలతో రాసి, కింద గీత గీసింది. నాలుగు తేదీలు వేసింది. ఆఖరిది ఇరవై ఎనిమిదిన. యాభై నాలుగో రోజు అవుతుంది.

లేచేటప్పుడు ఆమె కోటు మూడో గుండీ ఊడి బల్ల మీద పడింది. అక్కడే కుట్టిచ్చాను. సంచిలో సూది లేకుండా నేనెప్పుడు తిరిగాను గనక.

మార్చి 18, మంగళవారం

అలాంటి బల్లే. అలాంటి పట్టీలే. కాళ్ళు పైకి పెట్టేముందు డాక్టరమ్మ నా తల దగ్గరికి వచ్చి నిలబడింది. "ఇప్పుడు కుడికాలు పైకి పెడుతున్నాం. ఇప్పుడు ఎడమకాలు. కట్టట్లేదు, ఊరికే ఆనిస్తున్నాం." తర్వాత కిందికి వెళ్ళింది. "ఇప్పుడు శుభ్రం చేస్తున్నాను. ఇప్పుడు గొట్టం పెడుతున్నాను. సగం అయింది. అయిపోయింది."

నాకు ఏదీ తగల్లేదు. నడుము కింద నేను లేనట్టే ఉంది. అయినా ప్రతీదీ చెప్పింది. నేను వింటూ పడుకున్నాను.

యంత్రానికి గొట్టాలు తగిలించి అందరూ బయటికి వెళ్ళారు. కొద్ది నిమిషాలు గదిలో నేనొక్కదాన్నే. మైకులో నీళ్ళపిల్ల గొంతు, "అమ్మా, ఇంకో రెండు నిమిషాలే."

మార్చి 21

రెండు.

మార్చి 25

మూడు. నడవలో టీచర్ గారు కనపడ్డారు. "తీరిక చేసుకున్నారా?" అన్నారు. చేసుకున్నానండీ అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని అలాగే కాసేపు వదల్లేదు. జాకెట్లన్నీ తీసుకుని షాపుకి రమ్మన్నాను, నేనే బిగిస్తానని.

మార్చి 28, శుక్రవారం

డాక్టరమ్మ ఊళ్ళో లేదు. కొత్త డాక్టరు, కుర్రాడు, చాలా తొందరలో ఉన్నాడు. బయట ఇంకా నలుగురున్నారట. మత్తు ఎక్కింది. అతను కేసు షీటు తెరవలేదు. వెనక్కి తిరిగి నర్సుతో ఏదో మాట్లాడుతూనే నా కాలు పట్టుకుని లేపాడు. స్పర్శ లేదు, కానీ పైన దీపం అద్దంలో నా కాలు లేవడం కనపడింది.

తొడ మీద దెబ్బ ఇప్పుడు పడుతుంది అనిపించింది. నోరు మూసుకోవడం నాకు బాగా తెలుసు, ఇరవై ఆరేళ్ళ అలవాటు.

"ఆగండి!" అన్నాను.

గదిలో అందరూ నిలబడిపోయారు. నర్సు చేతిలో పళ్ళెం కూడా ఆగింది.

"నన్ను చెప్పి ముట్టుకోండి. ఏం చేస్తున్నా ముందు నాకు చెప్పండి. అందులో రాసుంది, చూడండి."

అంత గొంతు నాలో ఉందని నాకే తెలియదు. కుర్రాడు కేసు షీటు తిప్పి చదివాడు. మొహం ఎర్రబడింది. నా కాలు మెల్లగా కిందికి దింపి, తల దగ్గరికి వచ్చాడు. "క్షమించండమ్మా. నేను చూసుకోలేదు," అని, "ఇప్పుడు కుడికాలు పైకి పెడతాను. పెట్టమంటారా?" అన్నాడు.

డాక్టరమ్మ కూడా చెప్పి చేసిందే కానీ అడగలేదు. "పెట్టండి," అన్నాను.

అయిపోయింది. యాభై నాలుగో రోజు. మూడు నెలలకి స్కాన్ చేసి చూస్తారట. పూర్తిగా పోయిందో లేదో అప్పుడే చెప్తారు.

నన్ను చక్రాల మంచం మీద బయటికి తెచ్చేసరికి వదిన తలుపుకి అంటుకుని నిలబడి ఉంది. చీపురు పట్టుకున్నావిడ పక్కకి జరగమంటున్నా జరగట్లేదు. నా మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది.

"నీ గొంతు బయటికి వినపడిందే," అంది.

"గట్టిగా అరిచానా?"

"ఆ రోజు కూడా నేను తలుపు దగ్గరే ఉన్నాను. చెక్కకి చెవి ఆనించి, పొద్దుటినుంచి సాయంత్రం దాకా. నువ్వు బతికే ఉన్నావో లేదో తెలియలేదు. ఒక్క కేక కూడా వినపడలేదే."

ఇద్దరం అక్కడే, వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ చూస్తుండగా, ఆ పిల్ల కోసం ఏడ్చాం. తర్వాత వదిన నా ఒంటి మీద దుప్పటి సర్దబోయి ఆగి, "ఇప్పుడు దుప్పటి కప్పుతున్నానే," అని చెప్పి కప్పింది.